ఓడెక్కిన రైలు

2023 వేసవిలో సిసిలీ ద్వీపం నేపథ్యంగా గల ఒక కథను ఇంగ్లీషు నుండి తెలుగు చేస్తూ ఒక చిన్న మాట దగ్గర ఆగిపోయాను. కథలోని యువకుడు రోములో రైలెక్కి, కూర్చున్న పెట్టె దిగకుండానే సముద్రం దాటి, మరునాటి ఉదయం తన ఊరి స్టేషనులో దిగుతాడు. రైలును పెట్టెలతో సహా మోసుకుపోయే ఓడను తెలుగులో ఏమనాలి? నిఘంటువులు తిరగేశాను. నాలుగైదు సమాసాలు కట్టి చూశాను. ఏ ఒక్కటీ నాలుకకు ఒదగలేదు.

వరండాలో పత్రిక చదువుకొంటున్న నాన్నను అడిగాను. ఆయన రైల్వేలో ముప్పై ఎనిమిదేళ్లు గార్డుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న మనిషి. కళ్లద్దాలు పైకి జరిపి, "కోనసీమలో లారీలూ, ఎడ్లబండ్లూ గోదావరి దాటేది దేని మీద? పంటు మీద. ఇదీ పంటే. రైలు పంటు అని రాయి" అన్నారు.

మాట కుదిరింది. నేను రాసుకొంటూ ఉండగా ఆయన మళ్లీ అడిగారు: "నిజంగా అట్లాంటిది ఉందా? ఇప్పటికీ నడుస్తున్నదా?"

ఉన్నదనీ, ఇటలీ కొసన మెస్సీనా జలసంధిలో నేటికీ నడుస్తున్నదనీ చెప్పాను. నాన్న పత్రిక మడిచి పక్కన పెట్టారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనానికి అర్థం నాకు తెలుసు.

1963లో, నాన్నకు పన్నెండేళ్ల వయసులో, మా తాతగారు ఆయనను రామేశ్వర యాత్రకు తీసుకువెళ్లారు. సేతుస్నానానికై ధనుష్కోటి దాకా వెళ్లారు. ఆనాడు మద్రాసు నుండి వచ్చే బోట్ మెయిలు ధనుష్కోటి రేవు దాకా పోయేది. ప్రయాణికులు రైలు దిగి, ఎదురుగా ఆగి ఉన్న ఓడ ఎక్కి, సింహళంలోని తలైమన్నారులో దిగి, మళ్లీ రైలెక్కేవారు. 1914 నుండి నడిచిన దారి అది. రేవులో పొగ చిమ్ముతున్న ఆ ఓడను చూసి, ఎక్కుదామని నాన్న మారాం చేశారట. "వచ్చేసారి ఎక్కుదాంలే" అన్నారట తాతగారు. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుఫాను ధనుష్కోటిని తుడిచిపెట్టింది. ఊరికి చేరువలో ఉన్న ప్యాసింజరు రైలు వందమందికి పైగా ప్రయాణికులతో సముద్రం పాలయింది. వచ్చేసారి అన్నది మరి రాలేదు.

ఆ సాయంత్రమే నేను నిశ్చయించుకొన్నాను. నాన్నకు అప్పటికి 72 ఏళ్లు. మోకాళ్లు అరిగినాయి, రక్తపోటు ఉన్నది. అమ్మ పోయి నాలుగేళ్లయింది. వెళ్తే ఒకటి రెండేళ్లలోనే వెళ్లాలి. ఎట్లాగూ అంతదూరం పోతున్నప్పుడు మెస్సీనా ఒక్కటే చూసి రావడమేమిటి? మధ్యధరా సముద్రపు అంచు వెంట రైలులోనూ, నడుమ ఓడలోనూ సాగే దీర్ఘయాత్ర ఒకటి చేయాలనుకొన్నాము. దానికి ఏర్పాట్లు చేసుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ ఏర్పాట్లే సగం యాత్ర అని ఇప్పుడు అనిపిస్తున్నది.

పాతబాటే

ఓడనూ రైలునూ కలిపి మధ్యధరా దాటడం మనవాళ్లకు కొత్త కాదు. సూయజ్ కాలువ 1869 నవంబరులో తెరుచుకొనడానికి ముందు, ఇంగ్లండు నుండి ఇండియాకు వచ్చేవారు అలెగ్జాండ్రియాలో ఓడ దిగి, ఎడారి దాటి, సూయజ్‌లో మరో ఓడ ఎక్కేవారు. ఆ దారిలో అలెగ్జాండ్రియా నుండి కైరోకు 1856లో రైలు పడింది. రెండేళ్లకు అది సూయజ్ చేరింది. కాలువ వచ్చిన తరువాత కూడా బిస్కే అఖాతపు తుఫానులకు జడిసినవారు, తొందర గలవారు, ఫ్రాన్సు, ఇటలీల మీదుగా రైలులో వచ్చి మార్సెయిల్స్‌లోనో, ఇటలీ మడమ వద్ద ఉన్న బ్రిందీసిలోనో ఓడ పట్టుకొనేవారు.

గాంధీజీ రెండవ రౌండు టేబులు సమావేశానికి వెళ్లివచ్చింది ఈ మార్గాలలోనే. 1931 ఆగస్టు 29న బొంబాయిలో 'రాజపుతానా' ఓడ ఎక్కి, సెప్టెంబరు 11న మార్సెయిల్స్‌లో దిగి, అక్కడినుండి రైలులో ఫ్రాన్సు దాటి లండను చేరారు. తిరుగు ప్రయాణంలో రోము నుండి రైలులో బ్రిందీసి వచ్చి, 'పిల్స్నా' అనే ఇటాలియన్ ఓడ ఎక్కి, డిసెంబరు 28న బొంబాయిలో దిగారు.

బొంబాయి నుండి ఐరోపాకు క్రమం తప్పక బయలుదేరే ప్రయాణికుల ఓడలు 1970ల దశకంలో విమానాల ధాటికి తెరమరుగైనాయి. కాబట్టి సముద్రం దాకా విమానంలోనే పోవాలి. అక్కడినుండి మాత్రం పాతబాట తెరిచే ఉన్నది.

భోజనాల బల్ల మీద సముద్రం

ఒక పెద్ద పటం కొని భోజనాల బల్ల మీద పరిచాము. దానిపై గాజుపలక వేసి ఏడాదిపాటు దాని మీదే అన్నం తిన్నాము. ఆవకాయ ఒలికి కార్సికా ద్వీపం మీద పడిన మరక ఇప్పటికీ ఉన్నది.

మధ్యధరా అనే మాట అనువాదకురాలిగా నాకు ఇష్టమైనది. లాటిన్‌లో 'నడుమ' అనే మాటకు 'నేల' అనే మాట చేర్చి కట్టిన పేరును ఎవరో పెద్దలు చక్కగా తెలుగు చేశారు. రోమనులు దానిని 'మన సముద్రం' అన్నారు. తుర్కులకు అది తెల్ల సముద్రం. అరబ్బులకు తెల్లని నడిమి సముద్రం. విస్తీర్ణం సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్లు. పడమట అట్లాంటిక్‌లోకి తెరుచుకొనే జిబ్రాల్టర్ వాకిలి, అతి సన్నని చోట, 14 కిలోమీటర్ల వెడల్పు మాత్రమే.

ఇంత నీటిని ఒక్క యాత్రలో చుట్టిరాలేము. ఉత్తర తీరంలో స్పెయిను నుండి ఇటలీ దాకా రైలుమార్గాలు సముద్రాన్ని అంటిపెట్టుకొని సాగుతాయి. తూర్పున గ్రీసు ద్వీపాలకూ, టర్కీ తీరానికీ ఓడే శరణ్యం. అందుచేత పడమటి సగం రైలుకు, తూర్పు సగం ఓడకు అని నాన్న పెన్సిలుతో గీత గీశారు. బార్సిలోనాలో దిగి, రైళ్లు మారుతూ ఫ్రాన్సు తీరం మీదుగా జెనోవా, రోము. రోము రేవు నుండి పదకొండు రాత్రుల ఓడ ప్రయాణం. తిరిగి వచ్చి రోములో రైలెక్కి, రైలు పంటు మీద సిసిలీ. మొత్తం 38 రోజులు.

కాలం ఎంచుకోవడం కష్టం కాలేదు. జూలై, ఆగస్టు నెలలలో అక్కడ మన రోహిణికార్తెను తలపించే ఎండ; రేవులన్నీ జనం. ఆ నెలల్లోనే ఈజియన్ సముద్రం మీద మెల్తెమి అనే ఉత్తరపు గాలి ఉద్ధృతంగా వీస్తుంది. చలికాలంలో సముద్రం అల్లకల్లోలం. ఏప్రిల్, మే నెలలు గాని, సెప్టెంబరు, అక్టోబరు నెలలు గాని మేలు. వేసవంతా కాగిన నీరు సెప్టెంబరులోనూ గోరువెచ్చగా ఉంటుంది. మేము 2024 సెప్టెంబరును నిర్ణయించుకొన్నాము.

సెక్షను దాటిన స్టేషను

మొదటి ప్రణాళికను ఒక ప్రయాణ ఏజెంటు వేసి ఇచ్చాడు. రంగురంగుల కాగితాలపై అందంగా ఉన్నది. వీసా దరఖాస్తు కూడా అతడే నింపాడు. మరునాడు దరఖాస్తు ఇవ్వవలసి ఉండగా నాన్న, అలవాటు ప్రకారం, ప్రతి కాగితాన్నీ వేలుపెట్టి చదువుతూ ఒకచోట ఆగారు.

"అమ్మాయీ, మనం గ్రీసు నుండి టర్కీ పోయి, మళ్లీ గ్రీసుకే వస్తున్నాం గదా. ఈ స్టేషను మన సెక్షను దాటి ఉన్నది. తిరిగి సెక్షనులోకి రానిస్తారా?"

రానివ్వరు. స్పెయిను, ఫ్రాన్సు, ఇటలీ, గ్రీసు, మాల్టా మొదలైన దేశాలు షెంజెన్ ఒప్పందం కింద ఒకే గుమ్మం గల ఇళ్ల వంటివి. ఒక్క వీసాతో అన్నిటా తిరగవచ్చు. 180 రోజులలో 90 రోజులకు మించి ఉండరాదు. టర్కీ ఆ గుమ్మానికి బయట ఉన్నది. అక్కడ ఓడ దిగామంటే షెంజెన్ గడప దాటినట్లే. మళ్లీ లోపలికి రావాలంటే ఒకటికన్న ఎక్కువ పర్యాయాలు ప్రవేశించే వీసా కావాలి. ఏజెంటు ఒక్క ప్రవేశానికే దరఖాస్తు నింపాడు. గమనించకపోయి ఉంటే యాత్ర నడిమధ్యలో, 73 ఏళ్ల తండ్రితో, టర్కీ రేవులో నిలబడిపోయేదాన్ని. ఆ రాత్రి దరఖాస్తులన్నీ నేనే తిరిగి నింపాను. ఆనాటి నుండి ప్రణాళిక మా ఇద్దరిదీ అయింది.

ఇటువంటి యాత్ర తలపెట్టేవారికి మా అనుభవం మీద నాలుగు మాటలు. ఓడ ఆగే ప్రతి రేవు ఏ దేశానిదో, ఆ దేశం షెంజెన్ లోపలిదో వెలుపలిదో వరుసగా రాసి చూసుకోవాలి. ఎక్కువ రోజులు గడిపే దేశానికి దరఖాస్తు పెట్టాలి, మాకది ఇటలీ. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు తీసుకొంటారు. మేము వెళ్లిననాడు పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులు భరించే బీమా తప్పనిసరి. బీమా తీసుకొనేటప్పుడు పాత జబ్బులు దాచరాదు. దాచిన జబ్బే అక్కడ తిరగబెడితే బీమా కాగితం విసనకర్రకు తప్ప మరెందుకూ పనికిరాదు.

పేరొకటి, ఊరొకటి

ఓడ కంపెనీల పుస్తకాలలో రేవుల పేర్లు నమ్మి పోరాదు. 'రోము' అని రాసి ఉంటే అది చీవీతావెక్కియా అనే రేవు. రోముకు సుమారు 70 కిలోమీటర్ల దూరం. 'ఫ్లారెన్సు' అంటే లివోర్నో. అక్కడినుండి గంటన్నర రైలు ప్రయాణం. 'ఎఫెసస్' అంటే కుషాదాసి. 25,000 టన్నులు మించిన ఓడలను 2021 ఆగస్టు నుండి వెనిస్ నగరపు నడిబొడ్డు కాలువలోకి రానివ్వడం లేదు. కాబట్టి 'వెనిస్' అన్న పేరు కింద మర్గేరా ఉండవచ్చు, రవెన్నా ఉండవచ్చు, త్రియెస్తే కూడా ఉండవచ్చు.

రైలు ప్రయాణికులకు ఇది ఒక విధంగా వరమే. రోముకూ చీవీతావెక్కియాకూ నడుమ రైలు 1859 నుండి నడుస్తున్నది. ఏథెన్సుకూ దాని రేవు పిరేయస్‌కూ నడుమ 1869లో వేసిన మార్గం నేడు నగరపు మెట్రోలో భాగం. ఓడవారు అమ్మే బస్సు యాత్రల ఖరీదుతో పోలిస్తే రైలు టిక్కెట్టు ఖరీదు చాలా స్వల్పం. అయితే ఒక తేడా ఉన్నది. ఓడవారి బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మన రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు.

మరొక సంగతి. కొన్ని రేవులలో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. నడిసముద్రంలో లంగరు వేసి, చిన్న పడవలలోకి దింపుతారు. ప్రఖ్యాతమైన శాంతోరిని ద్వీపం అటువంటిదే. పడవ దిగినాక కొండ ఎక్కడానికి తీగబండి కోసం బారులో నిలబడాలి; లేదా దాదాపు ఆరువందల మెట్లు. ఊగే పడవలోకి అడుగువేయడం నాన్న మోకాళ్లకు సాధ్యం కాదు. శాంతోరిని ఉన్న యాత్రలన్నిటినీ కొట్టివేశాము. మనసు పీకింది. కాని వయసు మళ్లినవారితో వేసే ప్రణాళికలో ఏమి చూడాలన్న పట్టిక కన్న ఏమి వదలాలన్న పట్టిక ముందుగా తయారు కావాలి.

గార్డుగారి మూడు నియమాలు

రైళ్లనూ ఓడనూ జోడించడంలో అసలు కిటుకు నడుమ వదిలే వ్యవధి. ఏజెంటు వేసిన ప్రణాళికలో రోము నుండి రైలు మధ్యాహ్నం పన్నెండున్నరకు రేవు చేరుతుంది. ఓడ ఐదింటికి బయలుదేరుతుంది. కాగితం మీద చాలినంత సమయమే. నాన్న ఎర్ర సిరాతో దానిని కొట్టివేసి, పటం అంచున మూడు నియమాలు రాశారు.

మొదటిది: రైలు నుండి ఓడకు పోయేటప్పుడు ముందురోజే రేవు ఊరు చేరాలి. రైలు టిక్కెట్టు ఒకరిది, ఓడ టిక్కెట్టు మరొకరిది. మొదటిది తప్పినందుకు రెండవవారు బాధ్యత వహించరు.

రెండవది: ఓడ నుండి రైలుకు పోయేటప్పుడు మధ్యాహ్నం దాటిన తరువాతి బండినే పట్టుకోవాలి. ఓడ తెల్లవారేసరికి రేవు చేరినా, వేలమంది వరుసగా దిగి, సామాను వెతుక్కొని బయటపడేసరికి పొద్దెక్కుతుంది.

మూడవది: ఆ రోజుకు చివరి బండిని ఎన్నడూ నమ్ముకోరాదు. దాని వెనుక ఇంకొకటి ఉండాలి.

వీటికి నేనొకటి చేర్చాను: నాలుగు రోజులకొకసారి ఏ ప్రయాణమూ లేని రోజు ఉండాలి. బట్టలు ఉతుక్కోవడానికీ, మందులు లెక్కపెట్టుకోవడానికీ, ఊరకే కూర్చోవడానికీ.

టిక్కెట్ల విషయంలో చాలా లెక్కలు వేశాము. ఐరోపా వెలుపల నివసించేవారికి 33 దేశాలలో చెల్లే యూరైల్ పాసు ఉన్నది. 60 ఏళ్లు దాటినవారికి నూటికి పదివంతులు తగ్గింపు. కాని స్పెయిను, ఫ్రాన్సు, ఇటలీలలోని వేగవంతమైన రైళ్లలో పాసు ఉన్నా సీటు రిజర్వేషనుకు వేరే చెల్లించాలి. ఎక్కువ దేశాలు, ఎక్కువ రోజులు, అప్పటికప్పుడు మనసు మార్చుకొనే తీరు గలవారికి పాసు లాభం. మావి ఏడు పెద్ద ప్రయాణాలే. తేదీలన్నీ ముందే స్థిరం. విడి టిక్కెట్లు నెలల ముందు కొంటేనే చౌక అని తేలింది.

ఓడలో అద్దెను గదికి గాక మనిషికి ఇంత అని చెబుతారు, అదీ ఇద్దరు కలిసి ఉంటారన్న లెక్కన. ఒంటరిగా వెళ్లేవారు దాదాపు ఇద్దరి అద్దె చెల్లించవలసి రావచ్చు. రేవు పన్నులు, పనివారికి రోజువారీ ఇనాము తరచుగా అద్దెకు అదనం. ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులలో ఉన్న గదులకు ఊపు తక్కువ. అటువంటి గదినే అడిగి తీసుకొన్నాము.

తిండి విషయం వేరే చెప్పాలి. ఐరోపా సమాఖ్యలోకి మాంసమూ, పాల పదార్థాలూ తీసుకుపోనివ్వరు. నెయ్యి సీసా, పాలకోవా ఇంట్లోనే ఉండిపోయినాయి. తాజా ఆకులకూ, కాయలకూ ధ్రువపత్రం కావాలి. అరటిపండుకు మినహాయింపు ఉన్నది గాని కరివేపాకుకు లేదు. కందిపొడి, ఆవకాయ, చింతకాయ పచ్చడి మాత్రం రెండు దేశాల సరిహద్దులు దాటి మాతో వచ్చాయి.

ఎనిమిది మిల్లీమీటర్లు

బార్సిలోనాలో నాన్న మొదట చూడగోరినది గౌడీ కట్టడాలను కాదు; మతరో వెళ్లే లోకల్ రైలును. స్పెయిను ప్రధాన భూభాగంలో మొదటి రైలుమార్గం అదే. 1848 అక్టోబరులో ప్రారంభమైంది. మన బొంబాయి, ఠాణాల నడుమ రైలు నడవడానికి నాలుగున్నరేళ్ల ముందు. ఆ మార్గంలో పట్టాలకూ అలలకూ నడుమ సన్నని ఇసుక పట్టీ మాత్రమే ఉంటుంది. నాన్న ప్లాట్‌ఫారం అంచున నిలబడి పట్టాలను తదేకంగా చూశారు. "ఇది మన బ్రాడ్‌గేజిలాగే ఉందే" అన్నారు. ఆయన కన్ను తప్పలేదు. స్పెయిను పాత మార్గాల వెడల్పు 1,668 మిల్లీమీటర్లు, మనది 1,676. తేడా ఎనిమిది మిల్లీమీటర్లు. మిగిలిన ఐరోపాలో చాలాభాగం 1,435. ఆ ఎనిమిది మిల్లీమీటర్ల సామీప్యంతో ఆయనకు స్పెయిను చుట్టాల ఊరైపోయింది.

అక్కడినుండి ఉత్తరంగా వేగపు రైలులో కొండ కింది సొరంగం దాటి ఫ్రాన్సులో ప్రవేశించాము. నార్బొన్ చేరేదాకా రైలు ఉప్పుకయ్యల నడుమ నీటి మీద పోతున్నట్లే ఉంటుంది. కిటికీలోంచి రాజహంసల గుంపులు కనిపించాయి. మా పులికాట్ సరస్సే గుర్తుకొచ్చింది. మార్సెయిల్స్ స్టేషను గుట్ట మీద ఉన్నది. ముందు 104 మెట్లు. వాటి మీద కూర్చుని, గాంధీజీ దిగిన రేవు ఎటువైపో వెతుక్కొన్నాము. నీస్ దాటి వెంటిమీలియాలో రైలు మారాము. ఫ్రాన్సు తీరంలో తీగలలో మనకులాగే 25,000 వోల్టులు, ఇటలీలో 3,000. ఇటువంటి సంగతులు ఏ యాత్రా పుస్తకమూ చెప్పదు. నాన్న నోటుపుస్తకం నిండా అవే.

రోములో మూడవనాడు స్టేషనులో ఒక ప్రకటన చూశాము. శుక్రవారం రైల్వే సమ్మె. మా ఓడ బయలుదేరేది ఆ శుక్రవారమే. ఇటలీలో సమ్మె తేదీలు ముందుగా ప్రకటించాలని చట్టం. సమ్మెరోజున కూడా, పనిదినాలలో, ఉదయం 6 నుండి 9 వరకు, సాయంత్రం 6 నుండి 9 వరకు కొన్ని ప్రాంతీయ రైళ్లు నడిచితీరాలి. తెలిసినవారు ఉదయపు బండి పట్టుకొంటారు. ఏజెంటు మాకు చెప్పిన మధ్యాహ్నపు బండి ఆ గంటలలోకి రాదు.

మేము మొదటి నియమం ప్రకారం గురువారమే చీవీతావెక్కియా చేరాము. శుక్రవారం మధ్యాహ్నం రేవు దగ్గర టాక్సీలలోంచి పెట్టెలతో ఉరుకులు పెడుతున్నవారిని చూస్తూ నేను రైల్వేవారిని ఒక మాట అన్నాను. నాన్న ఒప్పుకోలేదు. ఆయన ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడే 1974 మే నెలలో దేశమంతటా రైల్వే సమ్మె జరిగింది. ఇరవై రోజులు. "జీతం లేకుండా మీ అమ్మ ఇల్లు ఎట్లా నడిపిందో నాకు తెలుసు. బండి ఆపడం రైలువాడికి సరదా కాదమ్మా" అన్నారు. నేను మాట మార్చాను.

ఓడలో పదకొండు రాత్రుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఓడ అంటే పన్నెండంతస్తుల హోటలు. మొదటి రెండు రోజులు వింత, తరువాత అలవాటు. పిరేయస్‌లో మెట్రో ఎక్కి ఏథెన్సు పోయాము. నేను అక్రోపొలిస్ ఎక్కాను. నాన్న కింద థిసియో స్టేషను ఎదుట నీడలో కూర్చుని వచ్చేపోయే బండ్లు లెక్కపెట్టారు. కుషాదాసి నుండి ఎఫెసస్ శిథిలాలు చూసి, దగ్గరలోని చామ్లిక్‌లో ఆవిరి ఇంజనుల మ్యూజియంకు వెళ్లాము. రోడ్సు, క్రీటు, మాల్టా చూసి నేపుల్సు మీదుగా తిరిగి వచ్చాము. పోయేటప్పుడు రెండవ రాత్రి ఓడ మెస్సీనా జలసంధిలోంచే సాగింది. డెక్కు మీద నిలబడి చూస్తే, మాకు అడ్డంగా ఒక తీరం నుండి మరో తీరానికి దీపాలతో ఒక పడవ కదులుతున్నది. "అదేనేమో" అన్నారు నాన్న. చలిగాలి వేస్తున్నా లోపలికి రాలేదు.

రైలు పంటు

ఓడ దిగినాక రోములో రెండు రోజులు ఆగి, ఉదయపు ఇంటర్‌సిటీ రైలులో సిసిలీకి బయలుదేరాము. నేపుల్సు దాటిన తరువాత కొండలు, సొరంగాలు, నడుమ నడుమ కింద నీలంగా సముద్రం. ఇటలీ బూటు కొసన విల్లా సాన్ జొవాన్ని స్టేషనులో రైలు ఆగింది. ఇంజను విడివడింది. వెనుకనుండి మరో ఇంజను వచ్చి తగులుకొన్నది. ఓడ అంత పొడవు ఉండదు గనుక రైలును ముక్కలు చేసి, ఓడ గర్భంలో పక్కపక్కనే ఉన్న పట్టాల మీదికి ఒక్కొక్క ముక్కనే నెడతారు. ముందుకు, వెనుకకు, మళ్లీ ముందుకు. నాన్న కిటికీకి ముఖం ఆనించి ప్రతి కదలికకూ తల ఊపుతున్నారు. పెట్టె చీకటిలోకి జారింది. చుట్టూ ఇనుపగోడలు. గొలుసులు బిగించిన చప్పుడు.

దిగి పైకి పోవచ్చునన్నారు. నిలువుగా ఉన్న ఇనుపమెట్లు. వద్దు నాన్నా అన్నాను. ఆయన నా మాట వినిపించుకోకుండా రెండు చేతులతో కమ్మీ పట్టుకొని, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కారు. పైన సాయంత్రపు ఎండ. ఒడ్డు నుండి ఒడ్డుకు అతి సన్నని చోట మూడు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. గ్రీకు మహాకవి హోమరు ఓడలను మింగే రాక్షసులు ఉన్నారని వర్ణించిన చోటు ఇదేనని పెద్దలంటారు. ఈ ఒడ్డునే 1908 డిసెంబరు 28న భూకంపం మెస్సీనా నగరాన్ని నేలమట్టం చేసింది. వేలకు వేలమంది పోయారు. పిల్లను చంకనెత్తుకొన్న ఒక తల్లి మా పక్కన నిలబడి, ఎదుటి ఒడ్డున స్తంభం మీద బంగారుపూతతో మెరుస్తున్న మరియమ్మ విగ్రహాన్ని పాపకు చూపిస్తున్నది.

ఈ రైలు పంటు ఎంతకాలం ఉంటుందో చెప్పలేము. మేము వచ్చిన మరుసటి సంవత్సరం, 2025 ఆగస్టులో, జలసంధి మీద భారీ వేలాడు వంతెనకు ఇటలీ ప్రభుత్వ సంఘం ఆమోదం తెలిపింది. అదే ఏడాది అక్టోబరులో ఆ దేశపు ఆడిట్ న్యాయస్థానం దానికి సమ్మతి నిరాకరించింది. వంతెన ఎప్పటికైనా వస్తే రైలు ఓడ ఎక్కవలసిన పని ఉండదు. ప్రయాణం త్వరగా అవుతుంది. సిసిలీ వారికి అది మేలే కావచ్చు. చూడదలచినవారు మాత్రం 'వచ్చేసారి' అనుకోకుండా వెళ్లడం మంచిది.

నీటి మీద గడిచింది అరగంటకు మించదు. షంటింగులతో కలిపి మొత్తం దాదాపు రెండు గంటలు పట్టింది. ఆ అరగంటలో నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు. మెస్సీనాలో పెట్టెలు మళ్లీ ఒక్కటై, రైలు ఎడమవైపు సముద్రం పెట్టుకొని దక్షిణంగా సాగుతుండగా, ఆయన నోటుపుస్తకం తీసి గళ్లు గీసుకొన్నారు. ఉద్యోగకాలంలో ప్రతి ప్రయాణానికీ గార్డు నింపవలసిన పట్టిక అది. స్టేషను పేరు, చేరిన వేళ, విడిచిన వేళ, ఆలస్యం, కారణం.

రాసి, పుస్తకం నా వైపు తిప్పారు. విల్లా సాన్ జొవాన్ని, మెస్సీనా పేర్లూ, గంటా నిమిషాలూ పొందికగా ఉన్నాయి. ఆలస్యం అన్న గడిలో '61 సంవత్సరములు' అని ఉన్నది. కారణం అన్న గడిలో 'తుఫాను' అని ఉన్నది.